మణికట్టు మీది గీత

ఆ రోజు పొద్దున నిదానం చొక్కా మూడో గుండీ ఊడి చేతిలోకొచ్చింది. కేసు కూడా అంత తేలిగ్గా చేతిలోకొస్తే బాగుండును అనుకుంటూ ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు. మోకాళ్లు మొండికేస్తున్నాయి. పోలీసు శాఖలో ముప్ఫై ఏళ్లపాటు అందరికంటే ఆలస్యంగా అరెస్టులు చేసి, అందరికంటే తక్కువ తప్పులు చేసినందుకు తోటివాళ్లు పెట్టిన పేరు నిదానం. రిటైరై సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నా ఆ పేరు మాత్రం రిటైరు కాలేదు.

భార్య కుట్టుపెట్టె తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. సూది పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడటం ఆవిడ అలవాటు.

"ఇవాళైనా పెందలాడే వస్తారా?"

"ఐదింటికి తేలిపోతుంది."

"ఏం తేలిపోతుంది?"

కేసుల గొడవ గడప లోపలికి తేకూడదన్నది ఆయన నియమం. ఆవిడా ఇరవై ఆరేళ్లుగా రెండోసారి అడిగి ఎరగదు. దారం కోసం ఆవిడ పెట్టె పక్కకి తిప్పినప్పుడు, మూత లోపల అంటించిన ఎర్రపూల కాగితం మీద నాలుగు మూలలా తెల్లటి చిరుగులు కనిపించాయి. అక్కడ ఇంతకు ముందు ఏదో ఉండేది. ఏముండేదో గుర్తు చేసుకునే ఓపిక కూడా లేక ఆయన కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి మ్యూజియం రెండో అంతస్తులో పొడుగాటి బల్ల ముందు నిలబడ్డాడు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద బొమ్మ: సూదిలో దారం ఎక్కిస్తున్న ఒక ముసలి చెయ్యి. మూడు వందల ఏళ్ల కిందట పోయిన ఒక మహా చిత్రకారుడు బొగ్గుతో గీసిందని నమ్మి, ఆరువేల మంది వరస కట్టి చూసి వెళ్లారు. మొన్న ప్రదర్శన ముగిశాక వేరే ఊరు పంపడానికి చట్రం విప్పితే, వెనక ఉండాల్సిన మ్యూజియం ముద్ర లేదు. అసలు బొమ్మ ఎప్పుడో ఎగిరిపోయింది. ఇది నకలు.

"మళ్లీ మొదట్నుంచి చెప్పండమ్మా," అన్నాడు నిదానం.

మ్యూజియం అధికారిణి ఐదోసారి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్ల కింద కూడా నల్లచారలు పడ్డాయి.

"ఇరవై మూడు రోజుల కిందట, మంగళవారం పదకొండింటికి, గాజు తుడవడానికి చట్రం విప్పాం. ముద్ర నా కళ్లతో చూశాను. వెనక కొత్త కాగితప్పట్టీ అంటించి సంతకం పెట్టాను. మొన్న చూస్తే పట్టీ ఉంది గానీ సంతకం నాది కాదు. నాలాగే పెట్టారు."

"ఈ మధ్యలో గదిలో కాపలా లేని సమయం?"

"ఒక్కటే. అదే మంగళవారం పన్నెండూ పదికి ప్రమాద హెచ్చరిక పరీక్ష. పోలీసులే పెట్టించారు. కరెంటు తీసేస్తే కెమెరాలు ఆగిపోయాయి. అందరం కింద ఆవరణలోకి వెళ్లి, పన్నెండూ ముప్ఫై రెండుకి తిరిగొచ్చాం."

"ఇరవై రెండు నిమిషాలు. పైన ఎవరున్నారు?"

"డ్రాయింగు మాస్టారు ఒక్కరే. ప్రతి మంగళవారం వచ్చి ఈ బొమ్మ ముందు కూర్చుని చూసి గీసుకునేవారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, అరవై నాలుగు మెట్లు దిగి ఎక్కలేరని వదిలేశాం. పన్నెండూ పద్నాలుగుకి ఇన్‌స్పెక్టరు గారు పైకెళ్లి ఒకసారి చూసొచ్చారు, అంతే."

ఆ ఇన్‌స్పెక్టరు నిదానానికి స్వయానా బావమరిది. 'చూసొచ్చాడు' అని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. ఇంకెవరి గురించైనా అయితే ఆ మాట కింద గీత గీసేవాడే. మనవాడే కదా అని పేజీ తిప్పేశాడు.

భూతద్దం తీసుకుని వంగాడు. బొమ్మలో ఆయనకు పొద్దుట్నుంచీ మింగుడు పడనిది మణికట్టు మీది గీత. అసలు బొమ్మ ఫొటోలో అది లేదు. దొంగ పొగరుకొద్దీ పెట్టుకున్న సంతకమని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. దారం చుట్టినట్టుందని అధికారిణి అంది. దారమైతే మణికట్టు గుండ్రాన్నిబట్టి వంగాలి. ఇది స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా పోయి, చెయ్యి అంచు దాటి రెండు వైపులా అంగుళం మేర ఖాళీ కాగితం మీద ఆగిపోయింది. నకలు తీసిన చెయ్యి మామూలు చెయ్యి కాదు. వేలి కణుపుల దగ్గర నీడలు చూస్తుంటే చర్మం కదులుతుందేమో అనిపిస్తోంది. అంత చక్కగా గీసినవాళ్లు ఈ గీత దగ్గర మాత్రం ఎందుకు తడబడ్డారు?

"ఈ మసి ఏమిటమ్మా? ఇక్కడ, పైన, ఎడమ మూల?"

"అరచెయ్యి ఆన్చిన చోటు. గీస్తున్నప్పుడు బొగ్గు అంటుకుని పులుముకుపోతుంది."

"అరచెయ్యి కింద ఆనుతుంది గానీ పైన ఎందుకు ఆనుతుంది?"

నిదానం కాగితాన్ని జాగ్రత్తగా వెనక్కి తిప్పాడు. నాలుగు మూలలా ఎండిన జిగురు. ఒక మూల జిగురుకు గోరంత కాగితప్పీలిక అంటుకుని ఉంది, ఎర్రది. ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో మాత్రం తట్టలేదు. నిద్రలేని బుర్ర చిల్లుపడ్డ కుండలాంటిది, ఎంత పోసినా నిలవదు.

"ఏం బావా, ఇంకా ఆ కాగితమే నాకుతున్నావా?"

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చెదరని బట్టలు, తళతళలాడే బూట్లు. పదేళ్లు నిదానం కిందే పని నేర్చుకుని, నేర్చుకున్నదంతా దులిపేసుకుని పైకొచ్చినవాడు. ఈ మధ్యే మేడ మీద మేడ లేపాడు. అంత జీతం ఎక్కడిదిరా అని అక్క అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

"మాస్టారితో ఒక్కసారి మాట్లాడనీ," అన్నాడు నిదానం.

"ఎందుకు? ఐదింటికి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. పక్కగదిలో కానిస్టేబులు దగ్గర కూర్చున్నాడు, బుద్ధిగా ఉన్నాడు. నువ్వెళ్లి కెలక్కు."

"డెబ్బై ఆరేళ్ల మనిషిని జైల్లో పెడితే మళ్లీ బయటికి రాడు."

"దొంగతనానికి వయసు అడ్డం రాలేదుగా. అతని సంచీలో ఈ చెయ్యి బొమ్మలే పదకొండు దొరికాయి. పన్నెండోది గోడకెక్కింది. ఇంత కంటే ఏం కావాలి?"

"ఆ పదకొండూ నేనూ చూశాను. ఒక్కదాని మీదైనా ఈ గీత ఉందా?"

"లేదు. లేకపోతే ఏం?"

"ఉంటే నీ కేసు నిలబడేది. అదీ గాక, మసి ఆ పదకొండింట్లోనూ కిందే ఉంది. దీంట్లో పైనుంది."

"బావా," ఇన్‌స్పెక్టరు గొంతు మెత్తగానే ఉంది, "మ్యూజియం వాళ్లు నిన్ను పిలిచారని ఊరుకున్నాను. ఇంటికొస్తే కాళ్లకి నీళ్లిస్తాను. ఎక్కడైనా బావ గానీ వంగతోట దగ్గర కాదు. ఇది నా కేసు."

"సరే. వంగతోట నీదే. పది నిమిషాలు కంచె అవతల నిలబడి మాట్లాడతాను, నువ్వూ ఉండు."

అధికారిణి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తనే వెళ్లి పక్కగది తలుపు తీసింది.

కానిస్టేబులు వెంట వచ్చి బల్ల ముందు కూర్చున్న మాస్టారు చిన్నగా, ఎండిన కొమ్మలా ఉన్నాడు. వేళ్ల సందుల్లో బొగ్గు మరక ఏళ్ల తరబడి కడిగినా పోనట్టుంది. కానిస్టేబులు చేతిలోని పెన్సిలు వంకే చూస్తున్నాడు, అడగడానికి మొహమాటపడుతున్నట్టు.

"పదకొండు వారాలు ఒకే బొమ్మ ఎందుకు గీశారు మాస్టారూ?" అని అడిగాడు నిదానం.

"ఇంకా రాలేదు కదండీ."

"యాభై ఏళ్లు పాఠాలు చెప్పాక కూడానా?"

"చెప్పడం వేరు, రావడం వేరు. బొటనవేలి కింద మెత్తటి చోటుంది చూశారూ, ఆ మహానుభావుడు మూడే మూడు గీతల్లో తేల్చేశాడు. నాకు ఏడు పడుతున్నాయి. నాలుగు తగ్గించుకుని పోదామని నా ఆశ."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. నిదానం పట్టించుకోలేదు.

"ఆ మంగళవారం పన్నెండూ పది నుంచి ముప్ఫై రెండు వరకు ఏం చేశారు?"

"గంట మోగింది, దీపాలు పోయాయి. చీకట్లో పడిపోతానని ఈ బాబు గారే వచ్చి, చెయ్యి పట్టుకుని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. దీపాలొచ్చేదాకా అక్కడే ఉండి, అట్నుంచే ఇంటికెళ్లాను. ఆ రాత్రి నుంచే జ్వరం, మళ్లీ ఇటు రాలేదు. మంచి మనిషి."

"ఆ సంగతి నీ రిపోర్టులో లేదే?" నిదానం తల తిప్పకుండానే అడిగాడు.

"కుర్చీలు వేసిన లెక్క కూడా రిపోర్టులో రాయాలా బావా?"

నిదానం గుడ్డతో సహా బొమ్మను మాస్టారి ముందుకు జరిపాడు. అప్పటిదాకా దాన్ని ఆయనకు ఎవరూ చూపించలేదు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని వంగాడు.

"ఇది గీత కాదండీ. మడత."

"అంటే?"

"నా దగ్గర చేరినవాళ్లకి మొదటి ఏడాదంతా ఒకటే పాఠం. ఈ బొమ్మకి ఇదే కొలతలో అచ్చువేసిన కాగితం ఒకప్పుడు ఇక్కడే అమ్మేవారు. అది తలకిందులుగా గోడకి కొట్టేవాణ్ణి. చూసి, కాగితం మీద కూడా తలకిందులుగానే గీయాలి. తిన్నగా పెడితే అది చెయ్యి అని తెలిసిపోతుంది. తెలిసిందా, ఇక కాగితం వైపు చూడరు. బుర్రలో ఉన్న చెయ్యి గీసేస్తారు. మనకి తెలిసినదాన్ని మనం చూడం కదండీ. తలకిందులైతే అది చెయ్యో, చెట్టో తెలీదు. ఉన్న గీత ఉన్నట్టు చూడాల్సిందే."

నిదానం పైనున్న మసి వంక చూశాడు. కాగితం తలకిందులైతే ఆ మసి కింద, కుడి మూలకు వస్తుంది. సరిగ్గా అరచెయ్యి ఆనే చోటుకు.

"మరి మడత?"

"ఒక ఏడాది తరగతి గది మారాం. సామాను సర్దుతూ ఎవరో ఆ అచ్చు కాగితాన్ని సగానికి మడిచేశారు. మడత మధ్యలో మసి పట్టి, మణికట్టు మీద నల్లగీతలా తేలింది. ఆ ఏడాది పది మందీ దాన్ని కూడా బొమ్మే అనుకుని గీశారు. నేను తిట్టలేదు. కనిపించింది గీయమన్నది నేనే. మరుసటేడు కొత్త కాగితం కొన్నాను."

"అయితే ఇది మ్యూజియంలో కూర్చుని తీసిన నకలు కాదు."

"ముమ్మాటికీ కాదండీ. నా తరగతిలో, ఆ ఒక్క ఏడాదిలో గీసింది. ఇరవై ఆరో, ఇరవై ఏడో ఏళ్లయి ఉంటుంది."

నిదానం నడుం నిటారుగా చేశాడు. ఈ కేసులో మొదటిసారి కాలి కింద నేల తగిలినట్టయింది. మ్యూజియంలో పదకొండు వారాలు గీశాడన్నదే మాస్టారి మీద నేరం. ఈ బొమ్మ మ్యూజియం గడపే తొక్కకుండా పుట్టింది.

"ఆ పది మందిలో ఇంత బాగా గీసిందెవరు?"

"తొమ్మిదిమంది పేర్లు చెబుతాను గానీ వాళ్లెవరూ ఇంత గీయలేరు. పదో పిల్లే గుర్తొస్తోంది. పేరు పోయింది. పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడేది. ఏడాది చివర్లో, వచ్చే వారం నుంచి తిన్నగా గీయిస్తానన్నాను. ఆ వారమే వచ్చి, పెళ్లి కుదిరింది మాస్టారూ, ఇంక రాను అంది. నాకు బాగా కష్టమేసింది. నా చేతిలో అలాంటి చెయ్యి మళ్లీ పడలేదు." మాస్టారు కాగితం మీదికి చెయ్యి చాపాడు. "ఒక్కసారి తలకిందులుగా తిప్పండి, ఆ పిల్లదో కాదో చెప్పేస్తాను."

"చాలు," ఇన్‌స్పెక్టరు అడ్డుపడ్డాడు. "దొంగే సాక్షి, దొంగే నిపుణుడు. బాగుంది వరస. కానిస్టేబుల్, లోపల కూర్చోబెట్టు. నాలుగున్నరకి జీపులో కోర్టుకి తీసుకురా. నాకు దారిలో పనుంది."

అతను బయటికి వెళ్లేసరికి గోడ గడియారంలో మూడూ పది. మెట్ల మీద బూట్ల చప్పుడు గబగబా దిగిపోయింది. వాడికి ఓడిపోవడం చిన్నప్పట్నుంచీ చేతకాదు అనుకున్నాడు నిదానం. అంతకు మించి ఏమీ అనుకోలేదు. తర్వాత ఆ క్షణాన్ని తలచుకున్నప్పుడల్లా ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసేది.

తొమ్మిది పేర్లూ రాసుకుని, మాస్టారిని కానిస్టేబులు లోపలికి తీసుకెళ్లాక, నిదానం ఒంటరిగా బల్ల ముందు కూర్చున్నాడు. అధికారిణి టీ తెప్పించింది. అది చల్లారిపోయింది. పేర్లు వెతకాలి, చిరునామాలు వెతకాలి, అంతా గంటన్నరలో అవ్వాలి. చేతకాని పని. మాస్టారు అడిగాడు కదా అని, ఊరికే, కాగితం అంచులు పట్టుకుని తలకిందులుగా తిప్పాడు.

చెయ్యి మాయమైంది. దాని చోట చెట్టువేళ్లు. పైనుంచి కిందికి పాకి, అయిదు పాయలుగా చీలి, చివర సన్నటి పీచుతో మట్టిలోకి దిగుతున్న వేళ్లు.

ఆ వేళ్లు ఆయన ఎరుగును. ఇరవై ఆరేళ్లుగా ఎరుగును. గుండీ ఊడిన ప్రతిసారీ, చొక్కా చిరిగిన ప్రతిసారీ, కుట్టుపెట్టె మూత లోపల ఎర్రపూల కాగితం మీద ఆ చెట్టువేళ్ల బొమ్మ ఆయన కళ్లముందే ఉండేది. ఎవరు గీశారని ఒక్కసారి అడగలేదు. పెళ్లిచూపుల్లో ఎవరో, అమ్మాయి బొమ్మలు కూడా వేస్తుందండీ అన్నారు. ఆయన తల ఊపి, టీ తాగాడు.

పొద్దున ఆ మూత మీద నాలుగు చిరుగులు ఉన్నాయి. జిగురుకు అంటుకున్న ఈ ఎర్ర పీలిక వాటిలోదే. కిందటి నెల మూత బందు ఊడిందని, బాగుచేయిస్తానని పెట్టె పట్టుకెళ్లింది బావమరిది. అక్కతో ఎంత ప్రేమో అనుకున్నాడు తను. కరెంటు తీయించినవాడు వాడే. మాస్టారిని వరండాలోకి నడిపించినవాడు వాడే. మనకి తెలిసినదాన్ని మనం చూడం.

ఆయన ఫోను తీసి ఇంటికి చేశాడు. మూడూ నలభై రెండు.

"ఏమండీ, ఇప్పుడే తమ్ముడొచ్చాడు," అంది భార్య. "కుట్టుపెట్టె మళ్లీ కావాలంటున్నాడు. నిన్నే కదరా బాగుచేయించి తెచ్చావు, మళ్లీ ఎందుకంటే చెప్పడు."

"మూత లోపల బొమ్మ ఏమైంది?"

"బాగుచేసేచోట చిరిగిపోయిందట. నాకు కాస్త బాధేసింది లెండి. పాత కాగితమే, పోనీ అనుకున్నాను. మీకెందుకూ?"

"పెట్టె ఇవ్వకు."

ఆవిడ ఏదో అనబోతుండగా ఫోను చేతులు మారింది, అడుగులు లోపలి గదిలోకి నడిచాయి.

"బావా," ఇన్‌స్పెక్టరు గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "తిప్పి చూశావన్నమాట. నువ్వు చూస్తావని నాకు తెలుసు, కాస్త ఆలస్యంగా. విను. అసలు బొమ్మ దేశం దాటిపోయింది. నకలు మీదున్నది అక్క చెయ్యి. పెట్టె మీ ఇంటిది. దర్యాప్తు చేస్తున్నవాడు అక్క మొగుడు. ఐదింటికి ఎవరో ఒకర్ని బోనులో నిలబెట్టాలి. మాస్టారా, అక్కా? నిదానంగా ఆలోచించుకో."

నిదానం నుదురు చేత్తో పట్టుకున్నాడు. అలసట ఎముకల్లోకి దిగింది. పక్కగదిలో మాస్టారు దగ్గుతున్నాడు. ఇద్దరిలో ఒకరు. ఇన్నేళ్ల నౌకరీలో ఎంతమంది చేత ఎన్ని నిజాలు చెప్పించాడు, చివరికి తన ఇంటికొచ్చేసరికి నోరు పెగలడం లేదు.

"ఫోను అక్కకివ్వు," అన్నాడు. "పెట్టె నీకు ఇచ్చెయ్యమని చెబుతాను."

"అదీ బావంటే."

భార్య గొంతు వినగానే ఆయన ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. "నీ బొమ్మ చిరగలేదు. మ్యూజియంలో ఉంది. మూడు వారాలు గోడ మీద ఉంది. ఆ మహా చిత్రకారుడిదే అనుకుని ఆరువేల మంది చూశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు."

"తిన్నగా పెట్టారా, తలకిందులుగానా?" అంది ఆవిడ.

"తిన్నగానే."

"నేను దాన్ని ఎప్పుడూ తిన్నగా చూడలేదండీ. తిన్నగా చూడ్డం వచ్చే వారం నేర్పిస్తానన్నారు మాస్టారు." ఆవిడే మళ్లీ అడిగింది. "మాస్టారు బాగున్నారా?"

ఇంట్లో కేసుల సంగతి చెప్పకూడదన్న నియమం అక్కడితో తీరిపోయింది. "బొమ్మ మార్చింది ఆయనేనని పట్టుకున్నారు. ఐదింటికి జైలుకి. మార్చినవాడు నీ ఎదురుగా నిలబడ్డాడు. పెట్టె వాడికిస్తే మాస్టారు పోతారు. ఇవ్వకపోతే నీ పేరు బయటికొస్తుంది."

"రానివ్వండి," అంది ఆవిడ. "గీసింది నేనే కదా. నా గీత నాది కాదని ఎలా అంటాను? పెట్టె తీసుకుని బయల్దేరుతున్నాను."

కుర్చీ జరిగిన చప్పుడు. ఆ వెంటనే ఇనుప గడియ పడిన చప్పుడు. నిదానానికి ఆ గడియ తెలుసు, వీధి తలుపుది. పైన బిగుసుకుపోయి, మొరటుగా కొడితే గానీ పడదు. ఎవరో మొరటుగానే కొట్టారు.

భార్య గొంతు ఫోనుకు దూరంగా, అయినా ప్రతి మాటా తెలిసేలా వినిపించింది.

"ఎక్కడైనా తమ్ముడివి గానీ ఇక్కడ కాదురా. గడియ తియ్యి."

లైను తెగిపోయింది. మూడూ యాభై ఒకటి. ఇల్లు అక్కడికి అరగంట దూరం. మాస్టారిని గది దాటనివ్వద్దని అధికారిణికి చెప్పి, బొమ్మను ఆవిడ చేతుల్లో పెట్టి, కానిస్టేబులు దగ్గర జీపు తాళాలు లాక్కుని, అరవై నాలుగు మెట్లూ నిదానం పరుగెత్తుకుంటూ దిగాడు.